ఏడు వీపుల పరీక్ష

దర్శి వైపు వెళ్ళొచ్చానంటే మా ఇంట్లోవాళ్ళు, "అక్కడేముంది చూడ్డానికి?" అన్నారు. మనవాళ్ళు కాశీ వెళ్తారు, మద్రాసు వెళ్తారు, దర్శికి ఎవరు వెళ్తారు? వెళ్ళనివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. అక్కడ జొన్నచేలున్నాయి, ఎంత తాగినా దాహం తీరని బావినీళ్ళున్నాయి, అడక్కుండానే అన్నం పెట్టే మనుషులున్నారు. వాళ్ళ మధ్యకి ఒక తోలుపెట్టె పుచ్చుకుని వెళ్ళి, వారం తిరక్కుండా ఒక కుటుంబం బతుకు తెరువు పోగొట్టి వచ్చాను. చెడగొట్టాలని వెళ్ళలేదు, బాగుచెయ్యాలనే వెళ్ళాను. అందుకే ఆ మంట ఇంకా చల్లారలేదు.

కొత్త పైసలు వచ్చిన కొత్తల్లో సంగతి. అప్పుడు నేను గుంటూరులో ఒక ఆస్పత్రిలో, చర్మవ్యాధుల విభాగంలో చిన్న డాక్టరుని. మా ప్రొఫెసరుగారికి పట్టీ పరీక్ష అంటే ప్రాణం. ఒక మనిషికి ఏదో వస్తువు పడక ఒళ్ళు పొక్కుతోందని అనుమానం వస్తే, ఆ వస్తువు రసాన్ని బాగా పల్చన చేసి, గుడ్డముక్క మీద రెండు చుక్కలు వేసి, వీపుకి అంటించి రెండు రోజులు ఉంచుతాం. తడి తగలకూడదు. విప్పినప్పుడు ఆ చోట ఎర్రగా పొక్కితే ఆ వస్తువే కారణం. పొక్కకపోతే కాదు. ఇంత తేలిక పరీక్షతో ఎవరికైనా ఏం హాని జరుగుతుందని మీరు అడగొచ్చు. నేనూ అలాగే అనుకున్నాను.

దర్శి అవతల ఒక ఊరి పంచాయతీ ప్రెసిడెంటు మెడ వెనక పొక్కులతో మా దగ్గరికి వచ్చాడు. తన ఊళ్ళో ఇంకో ఐదుగురికి ఇలాగే ఉందన్నాడు. అందరికీ మెడ వెనకే. ప్రొఫెసరుగారి కళ్ళు మెరిశాయి. "వెళ్ళి చూసిరా. అన్నీ రాసుకురా" అని నన్ను పంపించారు. తోడుగా మా డ్రెస్సర్ యోహానుని ఇచ్చారు. నాకన్నా పదేళ్ళు పెద్దవాడు, నాకన్నా బాగా కట్లు కడతాడు, నాకన్నా తక్కువ మాట్లాడతాడు.

వినుకొండ రైలు

మిరపకాయల రోజులు కావడంతో గుంటూరు స్టేషన్లోనే తుమ్ములు మొదలయ్యాయి. మా రైలుపెట్టెలోకి ఎవరో ఒకాయన రెండు మిరపకాయల బస్తాలు ఎక్కించాడు. నరసరావుపేట వచ్చేసరికి పెట్టె మొత్తం దగ్గుతోంది. బస్తాల ఆసామి ఒక్కడే హాయిగా చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు.

"మీకు ఘాటు తగలదా?" అన్నాను.

"మాకేందండీ, పుట్టినకాణ్ణించీ ఇదేగా" అన్నాడు. నేను చర్మం డాక్టరునని తెలిశాక చొక్కా విప్పి నడుం మీద తామర చూపించాడు. అతన్ని చూసి ఎదుటి బల్ల మీదాయన పంచె మోకాలి దాకా ఎత్తాడు. వినుకొండ చేరేసరికి పెట్టెలో నాకు చూపించని ఒళ్ళు లేదు. ఫీజు అడగలేదు కాబట్టి ఒకాయన నాలుగు జామకాయలిచ్చాడు.

ఘాటు తనకి తగలదని ఆ ఆసామి చెప్పినప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను. అతని బస్తాలకి మేం దగ్గుతున్నాం కదా, అతను దగ్గడం లేదు కాబట్టి మా మీద కుట్ర పన్నాడని ఆ పెట్టెలో ఒక్కరూ అనలేదు. రైల్లో మనుషులకి బుద్ధి బాగానే ఉంటుంది.

వినుకొండ

రాత్రి కొండ కింద సత్రంలో పడుకున్నాం. పొద్దున ఇడ్లీ, అల్లం పచ్చడి. పచ్చడి నాలుక మీద పెట్టగానే చెవుల్లోంచి పొగలు వచ్చాయి. నేను తెనాలి కాలవ నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి, మా ఇంట్లో అల్లం పచ్చడంటే సగం బెల్లమే. కాఫీ రెండణాలు. అవి కొత్త లెక్కలో పన్నెండు పైసలా, పదమూడా అని హోటలాయన ఒక గిరాకీతో పావుగంట పోట్లాడాడు. చివరికి ఆ గిరాకీ పైసా పళ్ళెంలో పడేసి, "నీ కాఫీలో పాలకన్నా నీ నోటిలో మాటలెక్కువ" అని పోయాడు.

అక్కణ్ణుంచి బస్సు. గుంటూరు జిల్లా దాటి నెల్లూరు జిల్లాలోకి వచ్చామని ఎవరూ చెప్పనక్కర్లేదు, రోడ్డే చెబుతుంది. నడ్డి విరిగింది. దర్శిలో దిగి, ప్రెసిడెంటు పంపిన ఎద్దుబండి ఎక్కాం.

ఆ ఊరు

ఊరి పేరు రాయను. ప్రెసిడెంటుగారిది పెద్ద మేడ. భోజనంలో జొన్నన్నం, పండుమిరపకాయ పచ్చడి, చారెడు నెయ్యి, చద్దిమజ్జిగ. నేను డాక్టరునని వరి అన్నం కూడా వండారు. నాకు లోపల పీట వేశారు. యోహానుకి దొడ్లో విస్తరి వేశారు. చూశాను. చూసి ముద్ద కలుపుకున్నాను. ఈ మాట ఇప్పుడు రాయడం తేలిక.

భోజనాలయ్యాక ప్రెసిడెంటుగారు అసలు సంగతి చెప్పారు.

"ఇది మా చాకలి కోటయ్య పనండీ. కిందటేడు కళ్ళంలో వాడి మేర కాస్త తగ్గించాం. పంట లేదు, మేమేం చేస్తాం? అప్పట్నించీ కడుపులో పెట్టుకున్నాడు. గుడ్డల్లో ఏదో కలుపుతున్నాడు."

మేర అంటే ఏడాదంతా ఊరి బట్టలు ఉతికినందుకు కళ్ళం దగ్గర చాకలికి కొలిచే గింజలు. దాని మీదే వాడి ఇల్లు గడవాలి.

"కలిపాడని రుజువేమిటండీ?" అన్నాను.

"మీరు తేల్చేది అదేగదండీ. నాలుగు రోజుల్లో ఊరంతా కూర్చుంటున్నాం. వాడి పనే అని తేలితే వాణ్ణి మానిపించి పక్కూరి చాకలికి బట్టలేస్తాం. కాదంటే వాడి మేర వాడికి పాత లెక్కనే కొలుస్తాం. మాట."

నాకు ఉత్సాహం పుట్టుకొచ్చింది. శాస్త్రం చేత ఒక నిరపరాధిని గట్టెక్కించే అవకాశం ఎందరికి వస్తుంది చెప్పండి. గుంటూరు వెళ్ళాక ఈ కథ ఎవరెవరికి చెప్పాలో కూడా ఆ రాత్రే అనుకున్నాను.

చాకలి రేవు

కోటయ్యకి నలభై ఐదేళ్ళుంటాయి. అతనూ, భార్య సుబ్బులూ వాగు ఒడ్డున బానలో గుడ్డలు ఉడకేస్తున్నారు. నేను ఎందుకు వచ్చానో వాళ్ళకి ముందే తెలుసు. అతను చేతులు తుడుచుకుని దూరంగా నిలబడ్డాడు.

"గుడ్డలకి గుర్తు దేంతో పెడతావు?" అని అడిగాను.

"నల్లజీడితోనేనండీ. మా తాతల కాణ్ణించీ అదే."

నల్లజీడి గింజని సూదితో గుచ్చి, ఆ రసంతో గుడ్డ మూల చుక్కలు పెట్టి, పైన సున్నం అద్దుతారు. ఎన్ని ఉతుకులకీ పోదు. కోటయ్యకి అక్షరం ముక్క రాదు, కానీ ఊరంతా అతని వేళ్ళ మీద ఉంది. మూడు చుక్కలు కరణంగారిల్లు, అడ్డగీత మీద చుక్క ప్రెసిడెంటుగారిల్లు. విడిపోయిన అన్నదమ్ములకి ఒకే గుర్తుకి చెరో తోక. ఎవరు వేరుపడ్డారో ఎవరు కలిశారో ఆ గుడ్డలు చూస్తే తెలిసిపోతుంది. మా ఊరి చాకలి ఎర్రదారంతో కుడతాడని చెబితే సుబ్బులు, "దారమైతే పీకేసి గుడ్డ మాదంటారండీ" అని నవ్వింది.

"మరి తాతల కాలంలో లేని పొక్కులు ఇప్పుడెందుకొచ్చాయి?"

"అప్పుడంతా పంచెలూ చీరెలేనండీ. అంచు మూల పెట్టేవాళ్ళం. ఇప్పుడు అందరూ బనీన్లూ చొక్కాలూ కుట్టిస్తన్నారు. కుట్టుగుడ్డకి మూలేదండీ? మెడ కాడ లోపలేపు పెడతన్నా."

అంతే, చిక్కు విడిపోయింది. మందూ లేదు, మాకూ లేదు. దర్జీ వచ్చాడు, గుర్తు మెడకెక్కింది. ఆ రసం పడనివాళ్ళకి మెడ పొక్కింది. గుర్తుని చొక్కా అడుగంచుకి మారిస్తే సరిపోతుంది. నేను అప్పుడే ప్రెసిడెంటుగారి దగ్గరికి వెళ్ళి ఈ నాలుగు మాటలూ చెప్పి బండెక్కితే ఈ కథ లేదు. కానీ ప్రొఫెసరుగారికి రుజువు కావాలి, అంకెలు కావాలి. నాకు ఊరంతా చూస్తుండగా పట్టీ విప్పాలని ఉంది.

బడి అరుగు

మర్నాడు పొద్దున బడి అరుగు మీద పొక్కులున్న ఆరుగురికీ వీపున నల్లజీడి రసం పట్టీలు వేశాం. పరీక్ష నిలవాలంటే పొక్కులు లేని మనిషికి కూడా వెయ్యాలి. ఊళ్ళో ఎవరైనా రమ్మన్నాను. ఒక్కరూ కదల్లేదు. బాగున్న ఒంటిని పొక్కించుకోవడానికి ఎవరొస్తారు?

"మీరేసుకోండి డాక్టరుగారూ. మీరేసుకుంటే మాకూ ధైర్యం" అన్నారు ప్రెసిడెంటుగారు.

సరిగ్గానే అడిగారు. నేను నల్లజీడికి ఒళ్ళంతా వాచిపోయి కళ్ళు మూసుకుపోయిన మనుషుల్ని చూశాను. భయం వేసింది. "పరీక్ష చేసేవాడు వేసుకోకూడదండీ, అది పద్ధతి కాదు" అన్నాను. అలాంటి పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు.

అరుగు కింద కోటయ్య నిలబడి ఉన్నాడు. "నాకెయ్యండి బాబూ" అన్నాడు.

నాకు అది దేవుడిచ్చిన వరంలా తోచింది. రోజూ నల్లజీడి ముట్టుకునే మనిషికి ఏమీ కాకపోతే అది విషం కాదని అందరికీ తెలుస్తుంది కదా అనుకున్నాను. యోహాను నా వంక ఒకసారి చూసి ఏడో పట్టీ వేశాడు. తడి తగలకూడదు కాబట్టి కోటయ్య రెండు రోజులు రేవుకి వెళ్ళలేదు. సుబ్బులు ఒక్కతే ఊరి బట్టలన్నీ ఉతికింది. గంజి చాల్లేదని ఇళ్ళవాళ్ళు ఆమెని కేకలేశారు.

రెండో రోజు సాయంత్రం నాకు కోపం తెప్పించిన పని ఒకటి జరిగింది. నాగన్న అనే రైతు తన పట్టీని నిలువునా కోసి, సగం వాళ్ళమ్మ మోకాలికి అంటించాడు. గుంటూరు నుంచి వచ్చిన మందు, కీళ్ళనొప్పులకి కూడా పనిచేస్తుందనుకున్నారు. ముసలామె నిన్నటి నుంచీ దాన్ని మోకాలికి పెట్టుకుని నడుస్తోంది. నేను వీధిలో నలుగురి ముందూ నోటికొచ్చినట్టు తిట్టి, ఆ పట్టీ పీకి పారేశాను. ఆమె మోకాలు నున్నగా ఉంది. కళ్ళతో చూశాను. తిట్టే తొందరలో బుర్రకి ఎక్కలేదు.

విప్పిన రోజు

ఊరంతా బడి దగ్గరే ఉంది. యోహాను ఒక్కొక్క పట్టీ విప్పుతుంటే నేను రాసుకుంటున్నాను. ప్రెసిడెంటుగారికి ఎర్రగా లేచింది. కరణంగారికి నీటిపొక్కు. నాగన్నకి సగం పట్టీకే కందింది. ఆరుగురికి ఆరుగురికీ పొక్కింది. మెడ మీద పొక్కులున్నవాళ్ళకే వేశాను, వాళ్ళకి పొక్కక ఎవరికి పొక్కుతుంది?

చివర కోటయ్య పట్టీ. వీపు తోమిన పళ్ళెంలా ఉంది.

నేను ఊరివాళ్ళ వైపు తిరిగాను. "చూశారా, ఇది విషం కాదు. కొందరికి పడదు, కొందరికి పడుతుంది. కోటయ్య మీద తప్పేమీ లేదు. ఇకమీదట గుర్తు చొక్కా అడుగున పెడితే చాలు."

ప్రెసిడెంటుగారు చొక్కా తొడుక్కుంటూ మెల్లగా అడిగారు. "ఇంతమందికి పడనిది వాడొక్కడికే ఎట్టా పడిందండీ?"

"రోజూ ముట్టుకుంటాడు కదండీ. కొంతమంది ఒళ్ళే అంత."

"అదేనండీ నేననేది. వాడికేం కాదని వాడికి తెలుసు. మాకవుద్దని తెలుసు. అందుకే నాకెయ్యండని ముందుకొచ్చాడు."

గుంపులోంచి ఇంకో గొంతు, "విరుగుడు తాగొచ్చుంటాడు" అంది. అంతే, ఇక ఆ మాటని ఎవరూ ఆపలేకపోయారు.

నాకప్పుడు గుర్తొచ్చింది. "నాగన్నా, మీ అమ్మని పిలు. ఆమె మోకాలికి ఒక రోజంతా ఉంది, ఏమీ కాలేదు. మీ అందరి ముందూ నిన్న నేనే పీకాను" అని అరిచాను. ముసలామె వచ్చింది. నా మొహం చూసి జంకింది. నిన్న వీధిలో పడ్డ తిట్లు ఇంకా మర్చిపోలేదు.

"నేనేం అంటించుకోలేదయ్యా. మావాడు ఊరికే అట్టా పెట్టాడు, నేనప్పుడే తీసేశా" అంది.

మళ్ళీ తిడతానని భయపడింది.

"ఇంకో రెండు రోజులాగండి. ఇంకొకరికెవరికైనా వేద్దాం" అన్నాను.

"మీరేసుకుంటానంటే ఆగుతామండీ" అన్నారు ప్రెసిడెంటుగారు. వెటకారం లేదు, నిజంగానే అడిగారు. ఊరంతా నా వంక చూస్తోంది. కోటయ్య కూడా.

నాకిచ్చిన గడువు ఆ రోజుతో అయిపోతుందని, దర్శిలో మధ్యాహ్నం బస్సుందని చెప్పాను.

అక్కడే తీర్పయింది. మర్నాటి నుంచి కోటయ్యకి ఎవరూ బట్టలు వెయ్యకూడదు, అన్నం పెట్టకూడదు. మేర మాట ఎత్తనే లేదు. బండి దాకా కోటయ్యే నా పెట్టె మోసుకొచ్చాడు. వద్దంటే వినలేదు. పెట్టె బండిలో పెట్టి, యోహానుకి వినబడకుండా అడిగాడు.

"నాక్కూడా పొక్కులు లేచే మందేదైనా ఉంటే ఇప్పించండి బాబూ. ఒక్కసారి లేస్తే చాలు. వాళ్ళకి చూపిచ్చుకుంటా."

అటువంటి మందు లేదన్నాను. అతను తల ఊపి, కండువాతో బండి పలక తుడిచి పక్కకి తప్పుకున్నాడు.

ఒంగోలు

ఒంగోల్లో రైలుకి మూడు గంటల వ్యవధి. స్టేషను ఎదుట హోటల్లో పెసరట్టు తెప్పించాను. తినబుద్ధి కాలేదు. కొత్తపట్నం నుంచి వచ్చిన చేపల బుట్టలు ప్లాట్‌ఫారం మీద కారుతున్నాయి. యోహాను నా ఎదురుగా కూర్చుని తిన్నాడు. ఇక్కడ దొడ్లో విస్తరి లేదు.

"ఆ పట్టీ నీకు వెయ్యమని నువ్వైనా అనకపోయావా?" అన్నాను. సిగ్గులేని మాట, నాకు తెలుసు.

"మీరడుగుతారేమోనని చూశానండీ" అన్నాడు. నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టాడు. "అడిగినా లాభం లేదులెండి. నా వీపు చూడ్డానికి వాళ్ళు అరుగు దగ్గరికొస్తారా? వాళ్ళు అడిగింది మీ వీపండీ."

మళ్ళీ గుంటూరు

ప్రొఫెసరుగారు పొంగిపోయారు. ఆరుకి ఆరు. ఏడో మనిషి రోజూ ముట్టుకునేవాడై ఉండి కూడా పొక్కకపోవడం ఆయనకి మరీ నచ్చింది. రిజిస్టర్లో ఆ వరస కింద ఎర్ర పెన్సిలుతో గీత గీశారు. కొన్నాళ్ళకి ప్రెసిడెంటుగారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. తమ ఊళ్ళో ఇప్పుడు ఎవరికీ పొక్కులు లేవని, పక్కూరి చాకలి దారంతో గుర్తు కుడుతున్నాడని, కోటయ్య పెళ్ళాంతో ఎటో వెళ్ళిపోయాడని, నాకు ఊరంతా రుణపడి ఉన్నామని రాశారు. అది చదివి ప్రొఫెసరుగారు తమ వ్యాసం చివర, కారణాన్ని తొలగించాక కొత్త కేసులు రాలేదు అని చేర్చారు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

ఆ వ్యాసం అచ్చుకి వెళ్ళిన రోజు నల్లజీడి సీసా తీసి, చేతికి పట్టీ వెయ్యమని యోహానుని అడిగాను. వేశాడు. రెండు రోజులు తడవకుండా చూసుకున్నాను. ఇంట్లో అడిగితే గీరుకుందన్నాను. మూడో రోజు పొద్దున, ఆస్పత్రికి ఇంకా ఎవరూ రాకముందే అతనే విప్పాడు.

ఏమీ లేదు. మచ్చ లేదు, ఎరుపు లేదు, దురద కూడా లేదు. ఆ రోజు ఆ ఊళ్ళో వేసుకుని ఉంటే, అరుగు మీద కోటయ్య వీపు పక్కన నా వీపు కూడా అలాగే ఉండేది.

యోహాను నా చెయ్యి కిటికీ వెలుతురులోకి తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత వదిలేసి అడిగాడు.

"రిజిస్టర్లో రాయమంటారాండీ?"